నల్లనిప్పు సాక్ష్యం

బుట్ట మరో మూరెడు కిందికి జారింది.

త్రిసంధి శిల మీద గుమిగూడిన జనం కెవ్వుమన్నారు. కాటయ అరవలేదు. తాడు వంకే చూస్తున్నాడు. తాడు చివర వేలాడుతున్న ఆ వెదురుబుట్టలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నది అతడి అక్క మాచమ్మ. ఆమెకు కింద, నాచు పట్టి కదలక మెదలక ఉన్న మడుగులో, మొసళ్లు. అవి తొందరపడటం లేదు. ఏళ్ల తరబడి అక్కడే పెరిగిన వాటికి ధర్మపీఠం విచారణ ఎంతసేపు సాగుతుందో బాగా తెలిసినట్టుంది.

విచారణ నడిచే కొద్దీ బుట్ట కదలడం అక్కడి పద్ధతి. నేరం మోపిన పక్షం ఒక వాదన నెగ్గితే తాడు మూరెడు వదులుతారు. నిందితుల పక్షం నెగ్గితే మూరెడు లాగుతారు. పొద్దుటి నుంచి వదలడమే గాని లాగడం లేదు.

నిజానికి ఆ చోటు చూడముచ్చటైనది. మూడు నదులు ఒరుసుకుని పారే చోట నీలాల రంగు బండ. బండ మీద ధర్మమంటపం. స్తంభాల మొదళ్లకు పగడపు పీటలు, తలలకు వెండి పద్మాలు. కప్పులో పొదిగిన పుష్యరాగాలకు ఎండ పొడ తగిలితే నేలంతా పసుపు చల్లినట్టు మెరుస్తుంది. దేశదేశాల కవులు వచ్చి ఆ మంటపాన్ని వర్ణించి బహుమానాలు పుచ్చుకుపోయారు. వాళ్లలో ఎవరి అక్కా బుట్టలో లేదు కాబట్టి వాళ్లకు వర్ణన కుదిరింది.

ఆ శిల ఏ రాజ్యానిదీ కాదు. గంధవతి, మణిశిల, కుముదగిరి, హేమకూటం, శంఖపురం అనే ఐదు రాజ్యాలకు ఐదుగురు రాజులు, ఐదు సైన్యాలు, లెక్కకందని తగాదాలు. అయినా ఉమ్మడి ఆపదకు ఉమ్మడి శాసనం ఉండాలని పూర్వమే ఒప్పందమైంది. ఐదు రాజ్యాల ప్రజలు ఎన్నుకున్న పెద్దలు మహాసభగా కూడి శాసనం చేస్తారు. దాన్ని ఈ మంటపంలో ఒక స్తంభం మీద చెక్కిస్తారు. చెక్కిన తరువాత ఆ మాటకు అర్థమేమిటో, అది ఎవరికి వర్తిస్తుందో చెప్పే అధికారం ఏ రాజుకూ లేదు. చేసిన మహాసభకూ లేదు. అది ధర్మపీఠం మీద కూర్చున్న ముగ్గురు న్యాయమూర్తులది. వారు ఒకసారి ఇదీ అర్థం అన్నారంటే ఐదు రాజ్యాలూ తల వంచవలసిందే.

మాచమ్మను బుట్టలోకి ఎక్కించిన శాసనం ఉత్తరపు వరుసలో ఉంది. మిగతా స్తంభాల మీద అక్షరాలు ముత్యాల్లా ఉంటే దాని మీద మాత్రం వంకరటింకరగా ఉన్నాయి. చెక్కిన శిల్పి చెయ్యి ఆనాడు వణికింది మరి. మాంత్రికుడు భస్మకేశుడి నల్లనిప్పుకు మూడు నగరాలు బూడిదైన మర్నాడు, పొగ ఇంకా కళ్లను మండిస్తూ ఉండగా, ఒకే సమావేశంలో మహాసభ చేసిన శాసనం అది. “నీలవాహిని ఆవలి గట్టు నుంచి నిప్పును ఈవలికి తెచ్చినవారిని మొసళ్ల మడుగులో దించవలెను.” అంతే. వేరే మాట లేదు.

మాచమ్మ తెచ్చింది నిప్పే. దాన్ని ఎవరూ కాదనడం లేదు. నీలవాహిని ఒడ్డున ఆమె మంత్రసాని. తమ్ముడు కాటయ పడవ నడుపుతాడు. ఈసారి వానలు ఊపిరి తిప్పుకోనివ్వకుండా కురిసి గట్టు మీది పల్లెల్లో పొయ్యిలన్నీ చల్లారిపోయాయి. చెకుముకి రాయి కొట్టినా అంటుకునే పొడి పీచు లేదు. అటువంటి సమయంలో ఒక కుమ్మరి ఇల్లాలు ప్రసవించింది. బిడ్డ చలికి నీలమెక్కిపోతున్నాడు. కాటయ జ్వరంతో మూలుగుతూ పడుకుంటే మాచమ్మ తానే తెడ్డు వేసుకుని ఆవలి గట్టు మీది వేటగాళ్ల గూడేనికి పోయి కుండలో నాలుగు కణికలు తెచ్చింది. బిడ్డ బతికాడు. ఆ ఇంటి మీద లేచిన పొగ చూసి గంధవతి కావలివాళ్లు వచ్చారు.

“ఇంకేం వినాలి ప్రభూ?” అంటున్నాడు చండవేగుడు. అతడు గంధవతి దండనాయకుడు. నేరం మోపింది అతడే. నిలువెత్తు మనిషి, ఎడమ చెంప నుంచి మెడ దాకా కాలిన మచ్చ. “తెచ్చింది నిప్పు. తెచ్చింది ఆవలి నుంచి. ఆ ముక్క ఆమే ఒప్పుకుంది. శాసనంలో పెద్ద నిప్పు, చిన్న నిప్పు అని లేదు. మంచి నిప్పు, చెడ్డ నిప్పు అని లేదు. ఇవాళ బిడ్డ చలికాచుకునే కుంపటికి దారి ఇస్తే, రేపు కుంపటి మాటున నల్లనిప్పు వస్తుంది. అప్పుడు ఏ కావలివాడు ఏ కుండ మూత తీసి చూడగలడు? నా ఊరు ఎలా పోయిందో నాకు తెలుసు.”

అతడి గొంతులో పగ లేదు, భయం ఉంది. కాటయకు ఆ భయం చూస్తేనే ఎక్కువ భయం వేసింది. పగబట్టినవాణ్ణి బతిమాలవచ్చు గాని భయపడ్డవాణ్ణి ఏమని బతిమాలతాం?

నడుమ ఆసనం మీద ఉన్న పెద్ద న్యాయమూర్తి సుమేధసుడు కళ్లు ఎత్తి చూశాడు. తెల్లని గడ్డం, ఎండిన తామరతూడు లాంటి మెడ.

“నిందితురాలి పక్షాన మాట్లాడేవారు ఎవరు?”

కాటయ ముందుకు తూలాడు. “నేనండీ. తమ్ముణ్ణి. పడవోణ్ణి. ఆ శాసనం మా అక్కలాంటోళ్ల కోసం చేసింది కాదండీ! నల్లనిప్పు కోసం చేసింది. ఆ సంగతి పాలుతాగే పిల్లలకి కూడా తెలుసండీ!”

“పిల్లలకు తెలిసిన సంగతి పీఠానికి సాక్ష్యం కాదు నాయనా.”

“అయితే మహాసభలో ఆయాళ చెయ్యెత్తిన పెద్దలున్నారు కదండీ! పిలిపించి అడగండి. దేని కోసం ఎత్తారో వాళ్లే చెబుతారు.”

సుమేధసుడు తల అడ్డంగా ఊపాడు. “వారు ఇవాళ చెప్పేది ఇవాళ్టి మాట. ఆనాడు ఒకరి మనసులో ఒకటి, మరొకరి మనసులో మరొకటి ఉండి ఉండవచ్చు. అందరూ కలిసి చెయ్యెత్తింది మాత్రం ఆ స్తంభం మీది మాటకే. మేము శాసనం చేసేవాళ్లం కాము. చేసినదాన్ని చదివేవాళ్లం.”

తాడు కిర్రుమంది. బుట్ట ఇంకో మూర దిగింది. ఒక మొసలి నెమ్మదిగా మూతి ఎత్తింది. మాచమ్మ బుట్ట అంచు పట్టుకుని తమ్ముడి వైపు చూసింది. ఆమె ఏడవడం లేదు. ఎందరో ఆడవాళ్ల నొప్పుల పక్కన కూర్చున్న మనిషి కాబట్టి పెదవి కొరుక్కుని కూర్చుంది, అంతే. అది చూసేసరికి కాటయకు దుఃఖం పొంగుకొచ్చింది. పీఠం మెట్ల మీద సాష్టాంగపడ్డాడు.

“ఏదో ఒక దారి చెప్పండి ప్రభూ! ఏం చెయ్యమంటే అది చేస్తాను!”

న్యాయమూర్తులు ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. చివరికి కుడివైపు కూర్చున్న వృద్ధురాలు, న్యాయమూర్తి చారుమతీ దేవి, నోరు విప్పింది.

“పాత ఆచారం ఒకటి ఉంది. కీడునిలుపు అంటారు. శాసనం మాట ఇంత విశాలంగా ఉన్నప్పుడు, అది ఏ కీడును ఆపడానికి పుట్టిందో చూసి ఆ మేరకే చదవమని ఎవరైనా అడగవచ్చు. కాని నోటిమాట చాలదు. ఆ కీడును తెచ్చి పీఠం ముందు నిలబెట్టాలి. వెనుకటికి మందల్లోకి కుక్కను తేరాదని శాసనం ఉండేది. ఒక గొల్లవాడు నురగలు కక్కే పిచ్చికుక్కను గొలుసుతో ఈడ్చుకొచ్చి ఇక్కడే, ఈ మెట్ల కిందే కట్టాడు. అప్పుడు అర్థమైంది శాసనం దేనికి పుట్టిందో. వాడి కాపలాకుక్క బతికింది.”

జనం ఒకడుగు వెనక్కి వేశారు.

“అంటే...” కాటయ మెట్ల మీంచి లేచాడు. “నల్లనిప్పును ఇక్కడికి...”

“తెస్తే చూస్తాం,” అన్నాడు సుమేధసుడు. “పడమటి స్తంభం నీడ మడుగు నీటిని తాకేలోపు తేవాలి. అంతవరకు తాడు కదలదు.”

బుట్టలోంచి మాచమ్మ గొంతు వచ్చింది. “వద్దురా తమ్ముడా! నా మాట విను, వద్దు!”

కాటయ అప్పటికే పడవ విప్పుతున్నాడు.

*

నీలవాహిని వరద మీద ఉంది. మామూలు రోజైతే ఆ సుడులు చూసి ఏ పడవవాడూ గడ వెయ్యడు. కాటయ గడ వేశాడు, తెడ్డు వేశాడు, కొట్టుకుపోతున్న మానును తప్పించాడు, సుడిలో పడి గిరగిర తిరిగి ఎలాగో బయటపడ్డాడు. భయం చేతుల్లో ఉంటే ఒక్కోసారి బలం లాగే పనిచేస్తుంది. ఒడ్డు చేరాక గాని అరచేతులు చీరుకుపోయాయని అతడికి తెలియలేదు.

భస్మకేశుడి కోట ఉన్న బూడిదకొండకు దారి అడవిలో నుంచి. అది అడవేగాని, బూడిద అడవి. చెట్లు చెట్లలాగే నిలబడి ఉన్నాయి, కొమ్మలు, రెమ్మలు, ఆకుల ఈనెలతో సహా. భుజం తగిలితే చాలు, మానుకు మాను చప్పుడు లేకుండా నేల రాలిపోతుంది. ఒక గూట్లో బూడిద పిట్ట బూడిద గుడ్ల మీద పొదుగుతూ కూర్చుని ఉంది. నల్లనిప్పు అలాగే కాలుస్తుంది. రూపం వదిలేసి ప్రాణం తింటుంది. దానికి భయపడినవాడి వాసన తెలుస్తుందని, వాడి వైపే నాలుక చాపుతుందని, నిలిచిన నీరు దొరికితే నెయ్యి తాగినట్టు తాగి పెరుగుతుందని పెద్దవాళ్లు చెప్పగా కాటయ విన్నాడు. దానికి జంకు ఒక్క పారే నీరంటేనే. నీలవాహిని అడ్డంగా పారబట్టే ఐదు రాజ్యాలు మిగిలాయి.

కాలినదాన్ని అది మళ్లీ కాల్చదు. ఆ ఒక్క సంగతి మీదే కాటయ ఆశలన్నీ ఉన్నాయి. నిప్పు మోయడం అక్క దగ్గర చూసిందే. కుండలో మెత్తటి బూడిద పరిచి, నడుమ కణిక పెట్టి, పైన మళ్లీ బూడిద కప్పితే నిప్పు నిద్రపోతుంది. పడవలో ఉన్న గంజికుండ వెంట తెచ్చుకున్నాడు. ఒక చెట్టును కౌగిలించుకుని కూలదోసి ఆ బూడిదతో కుండ నింపాడు. మిగిలినది తల నుంచి పాదాల దాకా పులుముకున్నాడు. భస్మకేశుడి కోటకు కాపలా కాసేది బూడిదభటులే. కాలిపోయిన మనుషులను లేపి నిలబెట్టిన భటులు వాళ్లు. వాళ్లలో ఒకడిగా కనబడితే గాని లోపలికి పోవడం కుదరదు.

కోట గుమ్మం నల్లరాతిది. లోపల చావడి నిడివిగా, రాజుల కొలువుకూటం అంత ఉంది. గోడల నిండా కరిగి గడ్డకట్టిన బంగారం. కాలిన మూడు నగరాల నుంచి ఏరి తెచ్చి పోతపోయించిన బంగారం అది. రెండు వరుసల్లో భటులు నిలబడ్డారు. రెప్ప వెయ్యరు, ఊపిరి తియ్యరు. చావడి చివర రాతిగుంటలో నల్లనిప్పు. దానికి వెలుగు లేదు. అది మండుతున్న చోట గుడ్డిచీకటి మాత్రం ఉంది. గుంట పక్కన ఎత్తుపీట మీద భస్మకేశుడు. జడలు పాదాల దాకా పడి ఉన్నాయి, కళ్ల స్థానంలో రెండు నున్నటి గుంటలు.

గుడ్డివాడని తెలియగానే కాటయకు కాస్త ధైర్యం వచ్చింది. వరుస చివర చేరి ఒక్కొక్క అడుగే గుంట వైపు జరిగాడు. భటుడు పక్కన భటుడు, వాడి పక్కన మరో భటుడు. ఒకడి ముఖం వంక పొరపాటున చూశాడు. చిన్నవాడు, మీసాలు అప్పుడే మొలుస్తున్నాయి, ఆ మీసాలూ బూడిదే. ముచ్చెమటలు పోశాయి. నుదుటి మీద పుట్టిన చెమటచుక్క బూడిదలో చారిక గీసుకుంటూ ముక్కు మీదుగా జారి నేల మీద టప్పున పడింది.

గుంటలోని నిప్పు తల తిప్పింది.

తిప్పడమంటే నిజంగానే తిప్పింది. అంతవరకు నిటారుగా నిలిచిన నల్లటి నాలుక అటూ ఇటూ చూసి, వరుసలో ఇంతమంది ఉండగా సరిగ్గా కాటయ వైపు వంగింది.

“ఆహా!” అన్నాడు భస్మకేశుడు. “చాలా కాలానికి ఈ చావడిలోకి ఒక భయం వచ్చింది. ఎవర్రా నువ్వు?”

కాటయ పరుగు తీద్దామనుకున్నాడు. వరుసలో ఉన్న భటులంతా ఒకేసారి అతడి వైపు ముఖాలు తిప్పారు.

“ప... పడవోణ్ణి.”

“ఆవలి గట్టు వాడివా?”

“ఆవల్నుంచేనండీ.”

మాంత్రికుడి ముఖం వికసించింది. అంత భయంకరమైన ముఖంలో అంత సంతోషం కాటయ ఎన్నడూ చూడలేదు. “ఏం కావాలి నాయనా? దాపరికం లేకుండా చెప్పు. అబద్ధమాడితే అది ఇంకాస్త వంగుతుంది.”

నిప్పు నాలుక అప్పటికే జానెడు దూరంలో ఉంది. దానికి వేడి లేదు. ఎముకలు కొరికే చలి ఉంది. కాటయ ఉన్నదంతా కక్కేశాడు. అక్క సంగతి, బుట్ట సంగతి, కీడునిలుపు సంగతి.

భస్మకేశుడు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు. “ఎంత మంచి ఆచారంరా మీది! నా నిప్పు తానై నది దాటలేదు. నా భటులు దాటిద్దామన్నా తడి తగిలితే కరిగిపోతారు. ఆవలి మనిషి ఎవడైనా తన ఇష్టంతో మోసుకుపోవాలి. అప్పట్లో బంగారానికి ఆశపడి ముగ్గురు మోశారు, మూడు ఊళ్లు పోయాయి. తరువాత మీ మహాసభ ఆ శాసనం చేసింది. అంతే, ఎవడూ మళ్లీ నా గుమ్మం తొక్కలేదు. మంత్రాలన్నీ ఎరిగినవాణ్ణి, నాకు ఆ ఒక్క రాతిస్తంభం అడ్డమైంది! కుండ ఇటు తే.”

ఆ మాటలన్నీ కాటయ చెవిన పడ్డాయి గాని తలకెక్కలేదు. అతడి తలలో బుట్ట తప్ప మరేమీ లేదు. కుండ చాపాడు. భస్మకేశుడు తోటకూర తుంచినట్టు నిప్పు నాలుక కొసను రెండు వేళ్లతో తుంచి, బూడిదలో గుచ్చి, పైన గుప్పెడు బూడిద కప్పాడు.

“పో. పడకుండా పో. నీకంటే నాకే ఎక్కువ తొందరగా ఉంది.”

*

తిరుగు ప్రయాణంలో కాటయ పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. పారే నీటి మీదికి రాగానే కుండలోని నిప్పు చంటిబిడ్డలా గుక్కపెట్టి ఏడవడం మొదలుపెట్టింది. సుడి దగ్గర పడవ ఒరిగి, అడుగున ఊరిన నీరు ఒక్క చుక్క చింది కుండ అంచుకు తగిలింది. అంతే! నల్లటి నాలుక ఒకటి సర్రున లేచి పడవ వెనుక భాగాన్ని నాకేసింది. చెక్క చెక్కలాగే కనిపిస్తోంది. కాలు మోపితే పొడి పొడి. కాటయ కెవ్వున అరిచి, గుప్పెళ్లతో బూడిద తీసి దాని మీద కుమ్మరించాడు. ఒళ్లంతా పులుముకున్న బూడిదను గోళ్లతో గీకి తీసి కప్పాడు. అది మూలుగుతూ అణిగింది. మిగిలిన సగం పడవతో, కుండను నెత్తిన పెట్టుకుని, మొల దాకా నీళ్లలో మునిగి కాళ్లతో తన్నుకుంటూ త్రిసంధి శిలకు చేరేసరికి పడమటి స్తంభం నీడ మడుగు గట్టు మీదికి పాకుతోంది.

“కీడును తెచ్చాను!” అని అరిచాడు కాటయ మెట్లెక్కుతూ. “పీఠం ముందు నిలబెడుతున్నాను!”

జనం చెల్లాచెదురయ్యారు. కుండ మూత తియ్యగానే మంటపంలోని పుష్యరాగాల కాంతి ఒక్కసారిగా మాసిపోయింది. బూడిదలోంచి లేచిన నల్లటి నాలుక ఎటు తిరగాలో తెలియక తికమకపడింది. అక్కడ భయపడనివాడు ఒక్కడూ లేడు. చండవేగుడు చెంప మీది మచ్చను చేత్తో మూసుకుని స్తంభానికి జారగిలబడ్డాడు. “అదే,” అన్నాడు చిన్నపిల్లవాడి గొంతుతో. “అదే ప్రభూ. మా అమ్మను తిన్నది అదే.”

సుమేధసుడు పీఠం దిగి వచ్చాడు. మాచమ్మ తెచ్చిన కుండ సాక్ష్యంగా మెట్ల మీదే ఉంది. అందులో కణికలను ఆరనివ్వకుండా ఊదుతున్నారు. ఆయన దాని మీద చెంబుతో నీళ్లు పోశాడు. చుయ్ మని ఆరిపోయింది. తరువాత దర్భపుల్ల కొసను నీటిలో ముంచి ఒక్క బొట్టు నల్లనిప్పు మీద విదిలించాడు. అది మనిషెత్తు లేచింది. ఆయన గడ్డం కొస బూడిదై రాలింది. న్యాయమూర్తి వెనక్కి తగ్గలేదు.

ముగ్గురూ మళ్లీ తలలు దగ్గర పెట్టుకున్నారు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

“చెంబెడు నీళ్లకు ఆరిపోయే నిప్పు కోసం ఐదు రాజ్యాలు ఒక్కటి కావు,” అన్నాడు సుమేధసుడు. “మహాసభ ఆపదలచిన కీడు ఇది. శాసనంలో నిప్పు అన్నచోట ఈ నిప్పునే చదవాలి, వంటనిప్పును కాదు. ఇది పీఠం నిర్ణయం. ఐదు రాజ్యాలకూ చాటింపు వెయ్యండి. నిందితురాలు నిర్దోషి. బుట్ట లాగండి.”

తాడు కిర్రుకిర్రుమంటూ పైకి వచ్చింది. కాటయ నవ్వాడు. ఏడ్చాడు. రెండూ ఒకేసారి చేశాడు. కుండ మీద బూడిద కప్పి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. మాచమ్మ బుట్టలోంచి దిగి తూలుతూ వచ్చింది. తమ్ముణ్ణి కౌగిలించుకోలేదు. అతడి చేతుల్లోని కుండను చూసి ఆమె ముఖం పాలిపోయింది.

“ఎంత పని చేశావురా,” అంది మెల్లగా. “నాకు తప్పించి నీకు తెచ్చుకున్నావు కదరా.”

కాటయకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చేసింది చండవేగుడు. అతడు స్తంభం పట్టుకుని లేచాడు.

“ప్రభూ, పీఠం చెప్పిన అర్థానికి తలవంచుతున్నాను. నల్లనిప్పును ఆవలి నుంచి ఈవలికి తెచ్చినవారిని మడుగులో దించాలి. తెచ్చినవాడు మన ఎదురుగా ఉన్నాడు.”

కాటయ పీఠం వైపు తిరిగాడు. “మీరే తెమ్మన్నారు కదండీ!”

“తెమ్మనలేదు,” అంది చారుమతీ దేవి. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. “తెస్తే చూస్తామన్నాం. చూశాం.”

“మీ ఆచారమే కదండీ!”

“ఆచారం పీఠానిది, శాసనం మహాసభది,” అన్నాడు సుమేధసుడు. “మాది దాన్ని మించదు నాయనా. సాక్ష్యం కోసం తెచ్చినవారికి మినహాయింపు అని ఆ స్తంభం మీద ఎక్కడా లేదు. మేము చెక్కలేము. ఇంతకుముందు మీ అక్క విషయంలో మాట విశాలంగా ఉంది, కీడును చూసి కుదించాం. నీ విషయంలో మాటా నిన్నే పట్టింది, కీడూ నిన్నే పట్టింది. ఎటునుంచి చదివినా నువ్వే.”

భటులు అతణ్ణి బుట్టలోకి తోశారు. తోసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. అతడి ఒళ్లో ఉన్న కుండను అందుకోవడానికి ఒక్కడూ చెయ్యి చాపలేదు. దండనాయకుడు గద్దించాడు. ఎవడూ కదలలేదు. తాను చాపబోయి, సగంలో ఆగిపోయి, అరచేతిని మొలకు తుడుచుకున్నాడు. కింద పెట్టమంటే కాటయ పెట్టలేకపోయాడు. నది మీద గీకి గీకి కప్పిన బూడిద చాలక కుండ అడుగున సన్నని బీట పడింది. అరచెయ్యి అడ్డుపెట్టి నొక్కి పట్టి ఉన్నాడు. చెయ్యి తీస్తే అది బయటికి వస్తుంది.

“దించండి,” అన్నాడు సుమేధసుడు. నోటికి అలవాటైన మాట, వచ్చేసింది.

తాడు ఒక మూర వదిలారు.

అప్పుడు గాని జనానికి తట్టలేదు. కింద ఉన్నది నిలిచిన నీరు. వానలకు ఐదు రాజ్యాల్లో ప్రతి చెరువూ, ప్రతి పొలమూ అలాగే నిలిచి ఉంది, ఒకదాని గట్టు తెగి మరొకదానితో కలిసి ఉంది. ఎవరో ఒకరు అరిచారు. ఆ తరువాత అందరూ అరిచారు. తొక్కుకుంటూ, పడుతూ, లేస్తూ మెట్ల వైపు పరుగులు తీశారు. తాడు పట్టిన భటులు తీర్పు ఒకవైపు, ప్రాణం ఒకవైపు లాగుతుంటే న్యాయమూర్తుల ముఖాల వంక చూశారు. న్యాయమూర్తులు స్తంభం వంక చూశారు. శాసనం మార్చాలంటే మహాసభ కూడాలి. అది ఎక్కడో కుముదగిరి కోటలో, ఎన్నో పగళ్ల ప్రయాణం అవతల ఉంది. దించితే నీరు అంటుకుంటుంది. దించకపోతే, భయపడ్డప్పుడల్లా పీఠం శాసనాన్ని పక్కన పెడుతుందని ఐదు రాజ్యాలకూ తెలిసిపోతుంది.

కాటయ అరచెయ్యి చల్లబడుతోంది. వేళ్ల కొసలు నలుపు తిరిగి, గోళ్లు రూపం మారకుండానే పొడిబారుతున్నాయి. బీటలోంచి బూడిద సన్నటి ధారగా కారి, గాలికి చెదిరి, మడుగు నీటి మీద పొరలా పరుచుకుంటోంది.

“అక్కా!” అని అరిచాడు. “నా చెయ్యి ఆగేలా లేదే! ఇక్కణ్ణుంచి పారిపో! పరిగెత్తవే అక్కా!”

తాడు పట్టిన భటులు ఆ అరుపు విని ఒకరి తరువాత ఒకరు చేతులు వదిలేశారు. బుట్ట ధడాలున జారింది.

మాచమ్మ పరిగెత్తలేదు. రాతి అంచున పాదాలు తన్నిపెట్టి జారుతున్న తాడును రెండు చేతులా పట్టుకుంది. అరచేతులు ఒరుసుకుపోయి రక్తం చిమ్మినా వదల్లేదు. బుట్ట నీటికి అడుగున్నర పైన ఊగి ఆగింది. న్యాయమూర్తులూ, దండనాయకుడూ కూడా జనం వెనుకే మెట్లు దిగిపోయారు. అంత పెద్ద మంటపంలో తాడు పట్టుకోవడానికి ఇంకో మనిషి మిగల్లేదు.